టీ ట్రీ తైలం: చుక్కల్లో మందు, చెంచాల్లో విషం

విద్యార్థి సంఘం వారు ఈ సంవత్సరపు సంచికకు ఏదైనా సైన్సు వ్యాసం వ్రాసి ఇమ్మన్నారు. సైన్సు అంటే రాకెట్లూ కంప్యూటర్లూ అనుకునే కాలంలో, హాస్టలు గదిలో అద్దం పక్కన నిలబడి ఉండే ఒక చిన్న సీసాను గురించి వ్రాస్తే ఎవరైనా చదువుతారా అని మొదట సందేహించాను. కాని ఈ మధ్య విద్యార్థులు రసాయనశాస్త్ర శాఖ గుమ్మం దగ్గర నిలబడి నన్ను అడిగే ప్రశ్నల్లో చాలాభాగం ఆ సీసాను గురించినవే. "మొటిమలకు మంచిదంట గద సార్?" అని ఒకరు. "చుండ్రు పోతదా?" అని ఇంకొకరు. "చెట్టు ఆకుల నూనెనే గద సార్, ఏమైతది?" అని మరొకరు. మొదటి రెండు ప్రశ్నలకూ జవాబు రెండు వాక్యాల్లో చెప్పవచ్చు. ఈ మూడో ప్రశ్నే నాచేత ఈ వ్యాసం వ్రాయిస్తున్నది.

ఆ సీసా పేరు టీ ట్రీ ఆయిల్. సబ్బుల మీద, షాంపూల మీద, ముఖం కడుక్కునే ద్రవాల మీద ఇప్పుడు ఆ పేరు కనబడుతుంది. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ పట్టణాల మాట అటుంచి, మా ఖిల్లా ఘణపూర్ లాంటి ఊరికి కూడా ఆర్డరు పెడితే నాలుగు రోజుల్లో ఇంటికి వస్తున్నది. వచ్చిన వస్తువు మంచిదే. అయితే అది ఏమిటో తెలియకుండా వాడితే మాత్రం మంచిది కాదు.

పేరు చేసే మోసం

ఈ తైలం పేరు మనల్ని రెండుసార్లు మోసం చేస్తుంది. పేరులో టీ ఉంది గాని, ఇది మనం తాగే టీ కాదు. మన తేయాకు మొక్క వేరు, దాని కుటుంబం వేరు. టీ ట్రీ అనేది ఆస్ట్రేలియా దేశపు చెట్టు. శాస్త్రీయ నామం మెలలూకా ఆల్టర్నిఫోలియా. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రపు ఈశాన్య భాగంలో చిత్తడి నేలల్లో పెరుగుతుంది. 1770లో కెప్టెన్ కుక్ ఓడ ఆస్ట్రేలియా తీరానికి చేరినప్పుడు నావికులు అలాంటి ఏదో చెట్టు ఆకులతో టీ కాచుకున్నారనీ, ఆ పేరే నిలిచిపోయిందనీ చెబుతారు. ఇందులో ఇంకొక చిక్కు ఉన్నది. తేయాకు జాతి మొక్కల గింజల నుంచి తీసే నూనె ఒకటి వేరే ఉంది. చైనాలో దానితో వంట చేసుకుంటారు. రెండు పేర్లూ వినడానికి ఒకేలా ఉంటాయి. ఒకటి కూరలో వేసేది, రెండోది నోట్లో పడకూడనిది.

పేరులో నూనె కూడా ఉంది. ఇదే అసలు మోసం. పాలమూరు ఆముదాలకూ పల్లీలకూ పేరుపడ్డ నేల. గానుగ నూనెల మధ్య పెరిగినవాళ్ళం మనం. నువ్వుల నూనె, పల్లి నూనె తింటాం. ఆముదం తలకు రాస్తాం, కడుపు బాగోలేకపోతే తాగిస్తాం కూడా. కనుక నూనె అనగానే "పైకీ పనికొస్తది, లోపలికీ పనికొస్తది" అనే నమ్మకం మన రక్తంలో ఉంది. కాని గానుగలో గింజను పిండితే వచ్చేది కొవ్వు. దాన్ని శాస్త్రంలో స్థిర తైలం అంటారు. టీ ట్రీ తైలంలో కొవ్వు లేదు. అది ఆకులో ఉండే ఘాటైన వాసన పదార్థాల సారం. గాలికి ఆవిరైపోతుంది గనుక దాన్ని ఆవిరి తైలం అనవచ్చు.

నమ్మకం కుదరకపోతే ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. తెల్లకాగితం మీద ఒకచోట నువ్వుల నూనె చుక్క, ఇంకొకచోట టీ ట్రీ తైలం చుక్క వేసి ఒకరోజు వదిలేయండి. నువ్వుల నూనె మరక అట్లాగే ఉంటుంది. రెండోది దాదాపు మాయమవుతుంది. మాయం కాకుండా జిడ్డు మరక గట్టిగా మిగిలిందంటే, అమ్మినవాడు అందులో వేరే నూనె కలిపాడన్నమాట.

తీసే విధానం

దీన్ని తీసే పద్ధతి మనవాళ్ళకు కొత్తదేమీ కాదు. సారా బట్టీని చూసినవారికి వెంటనే అర్థమవుతుంది. కోసిన ఆకులనూ లేత కొమ్మలనూ పెద్ద పాత్రలో వేసి కిందినుంచి నీటి ఆవిరి పంపిస్తారు. ఆవిరి వెళుతూ వెళుతూ ఆకులోని తైలాన్ని తనతో తీసుకుపోతుంది. దాన్ని గొట్టం గుండా పోనిచ్చి చల్లబరిస్తే నీళ్ళు అడుగున, తైలం పైన తేలి వేరవుతాయి. 100 కిలోల పచ్చి ఆకు, కొమ్మ వేస్తే వచ్చే తైలం సుమారు ఒకటి, రెండు కిలోలు మాత్రమే. అంటే చిన్న సీసాలో ఉన్నది గంపెడు ఆకుల సారం. "ఆకే గదా" అనేవారు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. ఒక ఆకు నమలడం వేరు, గంపెడు ఆకుల సారాన్ని ఒక్క గుక్కలో మింగడం వేరు.

కొంచెం చరిత్ర

ఆస్ట్రేలియా ఆదివాసులైన బుంజలుంగ్ ప్రజలు ఈ ఆకులను నలిపి గాయాలకు కట్టేవారు, జలుబు చేస్తే వాసన పీల్చేవారు. మన ఊళ్ళల్లో దెబ్బ తగిలితే నల్లాలం ఆకు పసరు పిండుకున్నట్లేనన్నమాట. 1920 దశకంలో సిడ్నీ నగరపు టెక్నలాజికల్ మ్యూజియంలో పనిచేసిన ఆర్థర్ పెన్‌ఫోల్డ్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు ఈ తైలాన్ని పరీక్షించాడు. క్రిములను చంపడంలో ఇది ఆనాడు ఆసుపత్రుల్లో వాడుతున్న కార్బాలిక్ ఆమ్లం కంటే 11 రెట్లకు పైగా శక్తిగలదని ప్రకటించాడు. తరువాత పెన్సిలిన్ మొదలైన మందులు రావడంతో ఈ తైలాన్ని దాదాపు మరచిపోయారు. 1970, 80 దశకాల్లో ఆస్ట్రేలియాలో తోటలు వేసి మళ్ళీ మార్కెట్టులోకి తెచ్చారు.

ఈ తైలంలో సుమారు వంద రకాల పదార్థాలున్నాయి. వాటిలో ముఖ్యమైనది టెర్పినెన్-4-ఆల్. అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 4730 ప్రకారం మంచి తైలంలో ఇది 30 శాతానికి తగ్గకూడదు. 2017లో ఆ ప్రమాణాన్ని ఇంకా బిగించి 35 శాతం చేశారు. ఈ పదార్థం క్రిమి శరీరపు పైపొరలోకి చొరబడి ఆ పొరను చెడగొడుతుంది. పొర కారిపోయి క్రిమి చస్తుంది. ఇక్కడే మన మూడో ప్రశ్నకు జవాబు ఉంది. క్రిమి పొరను చెడగొట్టగలిగిన పదార్థం మన కంటి పొరనూ, నోటి పొరనూ, పసివాడి చర్మాన్నీ గౌరవించి వదిలిపెట్టదు గదా! దాని గుణమూ, దాని దోషమూ ఒకే చోట ఉన్నాయి. రెంటిని వేరుచేసేవి రెండే సంగతులు. ఎంత వాడాము, ఎక్కడ వాడాము.

దేనికి పనికివస్తుంది?

ప్రచారం సంగతి పక్కనబెట్టి, పరీక్షల్లో తేలినవి చూద్దాం.

మొటిమలు: 1990లో సిడ్నీలో 124 మందిపై ఒక పరీక్ష చేశారు. సగం మందికి 5 శాతం టీ ట్రీ తైలం ఉన్న జెల్, మిగతావారికి డాక్టర్లు మామూలుగా వ్రాసే 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ ఇచ్చారు. రెండూ పనిచేశాయి. తైలం కాస్త నెమ్మదిగా పనిచేసింది గాని మంట, పొట్టు రేగడం వంటి బాధలు తక్కువగా కలిగించింది. ఆ జెల్లో ఉన్న తైలం వందకు 5 పాళ్ళు మాత్రమేనని గమనించండి. సీసాలో ఉన్న తైలాన్ని ఉన్నదున్నట్లు ముఖానికి పట్టించడానికీ దీనికీ సంబంధం లేదు.

చుండ్రు: 2002లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా పరిశోధనలో 126 మంది నాలుగు వారాలు షాంపూ వాడారు. 5 శాతం తైలం ఉన్న షాంపూ వాడినవారిలో చుండ్రు 41 శాతం తగ్గింది. తైలం లేని షాంపూ వాడినవారిలో 11 శాతం తగ్గింది. ఉపయోగం ఉందన్నమాట నిజమే. పూర్తిగా పోతుందన్నది మాత్రం ప్రకటన మాట.

కాలి వేళ్ళ సందుల్లో ఒరుపు: వరి మళ్ళల్లో నిలబడి పనిచేసే మన రైతులకూ, వానాకాలం తడి బూట్లతో తిరిగే విద్యార్థులకూ ఇది తెలిసిన బాధ. వేళ్ళ నడుమ చర్మం నాని, తెల్లబడి, దురద పెడుతుంది. దీనిమీద కూడా 2002లోనే 158 మందితో ఒక పరీక్ష ఫలితాలు వచ్చాయి. 50 శాతం తైలం ఉన్న ద్రావణం వాడినవారిలో 64 శాతం మందికి బూజు పోయింది. ఉత్త ద్రావణం వాడినవారిలో 31 శాతం మందికే పోయింది. కాని తైలం వాడినవారిలో కొందరికి చర్మం బాగా రేగి మానుకోవలసి వచ్చింది. కనుక అంత గాఢత డాక్టరు చెబితేనే వాడాలి.

ఇక తామర సంగతి. తొడల సందుల్లో, నడుము చుట్టూ గుండ్రంగా పాకే తామర ఈ మధ్య మన దేశంలో మొండిబడింది. అందుకు ఒక కారణం, స్టెరాయిడు కలిసిన క్రీములను అడగంగనే అమ్మేయడం, కొనంగనే పూసేయడం. అలాంటి తామరకు ఈ తైలం మందు కాదు. చర్మవైద్యుని దగ్గరకే పోవాలి. అట్లాగే కాలిన గాయాలకు, లోతైన పుండ్లకు, చక్కెర వ్యాధి ఉన్నవారి కాలి పుండ్లకు దీన్ని పూయరాదు. జుట్టు మొలిపిస్తుందనే మాటకు ఆధారం లేదు.

చుట్టాలను చూస్తే తెలుస్తుంది

ఈ చెట్టు ఎక్కడో ఆస్ట్రేలియాది గనుక మనకు తెలియదనుకోనక్కరలేదు. దాని చుట్టాలు మన పెరట్లోనే ఉన్నారు. జామ, నేరేడు, లవంగం, జామాయిల్ అన్నీ ఆ కుటుంబానివే. జామాయిల్ ను కాగితపు మిల్లుల కోసం మన రైతులు తోటలుగా వేస్తున్నారు. ఆ జాతి ఆస్ట్రేలియా చెట్లను 1843లో నీలగిరి కొండల్లో నాటారు. అందువల్లనే దాని తైలానికి నీలగిరి తైలమనే పేరు వచ్చింది. జలుబు చేస్తే వేడినీళ్ళల్లో వేసి ఆవిరి పట్టే అలవాటు మనకున్నదే. ఆ నీలగిరి తైలాన్ని మందనుకొని చెంచాతో తాగించినందువల్ల, లేదా పిల్లలు తామే సీసా ఎత్తి తాగినందువల్ల మగత, వాంతులు, మూర్ఛలు వచ్చిన ఉదంతాలు వైద్య గ్రంథాల్లో ఎన్నో ఉన్నాయి. కర్పూరమూ అంతే. దేవుని గదిలో ఉంటుంది గనుక పవిత్రమే గాని, చిన్నపిల్లలు కొద్దిగా మింగినా మూర్ఛలు తెస్తుంది.

మన సొంత వేపనూనె సంగతి ఇంకా చెప్పుకోదగినది. 1942లో సలీముజ్జమాన్ సిద్దిఖీ వేపనూనె నుంచి నింబిన్ అనే చేదు పదార్థాన్ని వేరుచేసి, వేపను ఆధునిక రసాయనశాస్త్రంలోకి తెచ్చాడు. పేలకు, పశువుల పుండ్లకు, పంటల పురుగులకు వేపనూనె గొప్ప సాధనం. ఇది గింజను పిండి తీసిన స్థిర తైలమే. అయినా పసిపిల్లలకు తాగించేది కాదు. 1981లో ఇంగ్లండు నుంచి వెలువడే "లాన్సెట్" వైద్య పత్రికలో మలేషియా డాక్టర్లు, వేపనూనె తాగించిన 13 మంది పసిపిల్లల సంగతి వ్రాశారు. జలుబు, కడుపు నొప్పి వంటి చిన్న జబ్బులకని పెద్దలు ప్రేమతోనే పోశారు. వాంతులు, మగత, ఆయాసం, మూర్ఛలు వచ్చాయి. కాలేయమూ మెదడూ దెబ్బతిన్నాయి. మన ఊళ్ళల్లో ఇప్పటికీ "నులిపురుగులకు రెండు చుక్కలు పోయి" అనే ముసలమ్మలున్నారు. వారి ప్రేమను కాదనకుండానే వారి చేతిలోని ఉగ్గుగిన్నెను పక్కన పెట్టించవలసిన బాధ్యత చదువుకున్న మనుమలదీ మనుమరాళ్ళదీ.

టీ ట్రీ తైలం కూడా ఈ వరుసలోదే. 1990 దశకంలో అమెరికా వైద్య పత్రికల్లో ఇద్దరు చిన్నపిల్లల ఉదంతాలు వచ్చాయి. ఒకరి వయస్సు 17 నెలలు, ఇంకొకరిది 23 నెలలు. ఇద్దరూ తాగింది 10 మిల్లీలీటర్ల లోపే. అంటే రెండు చిన్న చెంచాలకు మించదు. కొద్దిసేపట్లోనే నడక తప్పింది, మగతలోకి పోయారు. అదృష్టవశాత్తు ఇద్దరూ కోలుకున్నారు. మన హాస్టలు సీసాల్లో ఉండేది సరిగ్గా ఆ 10, 15 మిల్లీలీటర్లే. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఆ సీసాను కిటికీలో పెడతాం. ఆ ఇంట్లో అక్క కొడుకో, అన్న కూతురో పాకుతూ ఉంటారు. నేను ఈ వ్యాసం వ్రాయడానికి కారణం ఇంతకంటే వేరే ఏమీ లేదు.

వాడే పద్ధతి

మొదటి నియమం: నోట్లో వద్దు. పుక్కిలించడానికీ వద్దు, పళ్ళకూ వద్దు. కళ్ళల్లో, చెవుల్లో, ముక్కులో కూడా వద్దు.

రెండో నియమం: కలపకుండా పూయవద్దు. నీళ్ళల్లో ఇది కలవదు, పైన తేలుతుంది. కనుక స్నానపు బకెట్లో చుక్కలు వేసుకుంటే, తేలిన తైలం అట్లాగే వచ్చి చర్మానికి అంటుకుంటుంది. కొబ్బరినూనెలో కలపాలి. లెక్క సులభం. మిల్లీలీటరుకు సుమారు 20 చుక్కలనుకుందాం. 10 మిల్లీలీటర్ల కొబ్బరినూనెలో 2 చుక్కలు వేస్తే 1 శాతం, 4 చుక్కలు వేస్తే 2 శాతం, 10 చుక్కలు వేస్తే దాదాపు 5 శాతం. ముఖానికి 1, 2 శాతంతో మొదలుపెట్టడం క్షేమం. 5 శాతం దాటి సొంత వైద్యం చేసుకోవద్దు.

మూడో నియమం: ముందు పరీక్షించాలి. కలిపిన నూనెను మోచేతి లోపలివైపు రూపాయి బిళ్ళంత మేర రాసి రెండు రోజులు చూడాలి. ఎర్రబడినా, దురద పెట్టినా అది మీకు పడదని అర్థం. ఒకసారి పడకపోతే ఇంకెప్పుడూ పడదనే అనుకోవాలి. ఒకమ్మాయి పెళ్ళి చూపులకు రెండు రోజుల ముందు ఉత్త తైలం ముఖమంతా పూసుకొని, బుగ్గలు వాచి నా దగ్గరకు వచ్చి ఏడ్చింది. వాపు డాక్టరు మందుతో పోయింది. ఆ రెండు రోజుల పరీక్ష చేసుకొని ఉంటే అసలు వచ్చేదే కాదు.

నాలుగో నియమం: పాతబడినది పారేయాలి. చాలామందికి తెలియని సంగతి ఇది. గాలి, వెలుతురు, వేడి తగిలితే ఈ తైలంలో పెరాక్సైడులు మొదలైన కొత్త పదార్థాలు పుడతాయి. చర్మానికి అలెర్జీ తెచ్చేవి ఎక్కువగా ఇవే. పోయినేడు పడిన తైలం ఈ ఏడు పడకపోవడానికి ఇదొక కారణం. కనుక ముదురురంగు గాజుసీసాలో, మూత బిగించి, చల్లని చీకటిచోట ఉంచాలి. మన పాలమూరు ఎండల్లో కిటికీ గూట్లో పెడితే ఒక్క వేసవికే పాడవుతుంది. మూత తీసిన తేదీని సీసా మీద వ్రాసి, ఏడాది దాటితే వాడకండి. ఇది మండే పదార్థం, దీపం దగ్గర పెట్టకండి. కొన్నిరకాల ప్లాస్టిక్కును ఇది మెత్తబరుస్తుంది గనుక ప్లాస్టిక్ డబ్బాల్లోకి వంచకండి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా వాడరాదు. పసిపిల్లలకు అసలే వద్దు. ఇంట్లో పిల్లి ఉంటే ఇంకో జాగ్రత్త. పిల్లి కాలేయం ఇలాంటి పదార్థాలను త్వరగా విరిచివేయలేదు. పేలు పోతాయని పిల్లికో కుక్కపిల్లకో పూస్తే, అది నాకి వణుకు, పక్షవాతం వంటి స్థితికి రావచ్చు.

ప్రమాదం జరిగితే

ఎవరైనా తాగితే వాంతి చేయించవద్దు. ఉప్పునీళ్ళు, చింతపండు పులుసు, వేలు గొంతులో పెట్టడం ఏదీ వద్దు. వాంతిలో వచ్చే తైలం ఊపిరితిత్తుల్లోకి దిగితే మొదటి ప్రమాదం కంటే అది పెద్దది. నోరు తుడిచి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోను చేయాలి. సీసాను కూడా వెంట తీసుకుపోవాలి. ఏమి తాగారో, ఎంత తాగారో డాక్టరుకు ఆ సీసాయే చెబుతుంది. మగత వచ్చేదాకా చూద్దామని ఇంట్లో కూర్చోవద్దు. కంట్లో పడితే 15 నిమిషాలు మంచినీళ్ళతో కడిగి ఆసుపత్రికి పోవాలి. చర్మం మండితే సబ్బుతో కడిగి, మళ్ళీ పూయకుండా ఉంటే చాలావరకు తగ్గుతుంది.

విద్యార్థి మిత్రులారా! ఈ తైలాన్ని వాడవద్దని నేను చెప్పడంలేదు. మా పెరటి వేపను ఎంత గౌరవిస్తానో, ఆస్ట్రేలియా ఆదివాసుల ఈ చెట్టునూ అంతే గౌరవిస్తాను. మందు ఏదైనా సరే, చెట్టు నుంచి వచ్చిందా ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా అన్నది అసలు ప్రశ్న కాదు. ఎంత, ఎక్కడ, ఎవరికి అన్నవే ప్రశ్నలు. "ఆకు నూనెనే గద, ఏమైతది?" అని ఇకమీదట ఎవరైనా మిమ్మల్ని అడిగితే, ఈ మూడు ప్రశ్నలూ మీరు వారిని తిరిగి అడగండి. ఇక ఈ సంచిక మూసిన తరువాత చేయవలసిన పని ఒకటుంది. మీ గదిలోని సీసా తీసి శాతం ఎంతో, తేదీ ఏమిటో చదవండి. తరువాత దాన్ని పిల్లల చేయి అందని అటక మీద పెట్టండి.